మురుక్కాలవ మీద ఎర్రచేప

సముద్రం ఒడ్డునున్న టెషీ ఊళ్ళో బతికున్నవాళ్ళకంటే పోయినవాళ్ళకే రోడ్డు మీద మర్యాద ఎక్కువని ఒడార్లే అభిప్రాయం. పోయినవాణ్ణి కోకోకాయలాగానో కారులాగానో చెక్కిన పెట్టెలో పడుకోబెట్టి బూరలూ డప్పులతో ఊరేగిస్తారు. దారికి అడ్డంగా బల్లలుంటే జరుపుతారు, గుంటలుంటే మట్టి పోస్తారు. ట్రోట్రో వ్యానులు సైతం నోరు మూసుకుని పక్కకి తప్పుకుంటాయి. అదే రోడ్డు మీద ఒడార్లే తన మూడు చక్రాల బండిని చేత్తో తిప్పుకుంటూ వస్తే మాత్రం, ఏదో ఒక వ్యానులోంచి కండక్టరు తల బయటపెట్టి, "సిస్టర్, ఈ ఎండలో నీకెందుకమ్మా ఈ తిరుగుడు?" అంటాడు.

ఆమెకు ఈ అభిప్రాయం పనిలోంచి వచ్చింది. ఆమె పెదనాన్న ఆటా సోవా సముద్రం రోడ్డు మీద శవపేటికల వడ్రంగి. బతుకంతా ఉల్లిపాయలమ్మిన మనిషి ఉల్లిపాయలోనే వెళ్ళాలి, వల వేసినవాడు పడవలో వెళ్ళాలి. అది అక్కడి గా తెగ జనం పట్టింపు. కొయ్య చెక్కడం పెదనాన్నది, రంగులు వెయ్యడం ఒడార్లేది. పసితనంలో పోలియో ఆమె కాళ్ళను తీసుకుపోయింది. నోటి జోలికి మాత్రం పోలేదు. ఆ బండి కూడా ఆమె తయారుచేసుకున్నదే. ఒక కులపెద్ద కోసం సింహం పెట్టె సగం చెక్కేసరికి ఆ పెద్దాయన జ్వరం తగ్గి లేచి కూర్చున్నాడు. బంధువులు చేసేది లేక సింహాన్ని వదిలేసుకున్నారు. దాని నడుము భాగాన్ని కోసి, పాత సైకిలు చక్రాలు బిగించి, ఒడార్లే కూర్చునే పీట చేసుకుంది. శవప్పెట్టె కొయ్య కాబట్టి దాన్ని ఇంతవరకూ ఏ దొంగా ముట్టుకోలేదు. ఆ సంగతి గురించి ఆమె ఇంకొంచెం లోతుగా ఆలోచించి ఉంటే తర్వాతి గొడవ తప్పేది.

చిక్కంతా మురుక్కాలవతో. రోడ్డుకీ మార్కెట్టుకీ మధ్య అది నోరు తెరుచుకుని పారుతూ ఉంటుంది. కాళ్ళున్నవాళ్ళు దూకుతారు. మిగతావాళ్ళను ఎవరో ఒకరు ఎత్తాలి. జాలిపడేవాళ్ళలో ఉన్న సుగుణం ఏమిటంటే, అడక్కుండానే ఎత్తుతారు. దుర్గుణం కూడా అదే. ఒక పాస్టరుగారైతే ఆమెను కాలవ మధ్యలో గాల్లో ఉంచి ప్రార్థన మొదలుపెట్టాడు.

"ప్రభువా, ఈమెను నడిపించు!"

"పాస్టరుగారూ, ముందు మీరు నడవండి, వాసనొస్తోంది" అంది ఒడార్లే.

ఒకసారి రేడియో నుంచి ఒకావిడ వచ్చి, "మీ జీవితం ఎందరికో స్ఫూర్తి కదండీ" అని గొట్టం నోటి దగ్గర పెట్టింది. "స్ఫూర్తి వేసుకుని కాలవ దాటొచ్చాండీ? ఎంత బరువు ఆగుతుంది?" అని ఒడార్లే అడిగింది. ఆ ముక్క ప్రసారం కాలేదు.

ఇలా ఎత్తుడు పడుతూనే ఆమె రోజులు వెళ్ళిపోయేవి, ఒక శుక్రవారం జరిగింది జరక్కపోతే. ఆ రోజు కెంకే అనే మొక్కజొన్న ముద్దలోకి చేపలు కొందామని ఆమె మార్కెట్టు గేటు దగ్గరికి వచ్చింది. పెదనాన్న దుకాణంలో పెట్టె తీసుకెళ్ళడానికి వచ్చిన మోతగాళ్ళ జట్టు అక్కడే నీడన నిలబడి ఉంది. నల్ల కోట్లు, తెల్ల చేతితొడుగులు, నల్ల కళ్ళద్దాలు. వాళ్ళందరికీ ఆమె తెలుసు.

"అక్కా, నువ్వు కదలకు. మేమున్నాం" అని బండినీ ఆమెనూ కలిపి ఒక్క ఊపున భుజాలకెత్తారు.

అంతవరకూ బాగానే ఉంది. భుజం మీద బరువు పడగానే వాళ్ళ కాళ్ళు వాళ్ళ మాట వినలేదు. శనివారం శనివారం శవయాత్రల్లో బ్యాండుకి ఆడి ఆడి అలవాటు పడిన కాళ్ళవి. ముందుకి రెండడుగులు, వెనక్కి ఒకటి, మోకాళ్ళ మీద ఒక వంగుడు, పక్కకి ఒక ఊగుడు.

"ఒరేయ్, దించండ్రా! నేను బతికే ఉన్నాను!"

"తెలుసక్కా, ఊగితే పడతావు. కాస్త బిగుసుకుని ఉండు, అందరూ అలాగే ఉంటారు."

మార్కెట్టు లోపల టమాటాలమ్మే ఆవిడ లేచి నిలబడి, "ఎవరే పోయింది?" అంది.

"ఎవరో తెలీదుగానీ పోయినావిడే పైనుంచి బూతులు తిడుతోంది!" అంది పక్కావిడ.

మార్కెట్టు మార్కెట్టంతా పడిపడి నవ్వింది. ఒకరిద్దరు చేతిగుడ్డలు ఊపి వీడ్కోలు కూడా చెప్పారు. ఒడార్లే చేపలు కొనకుండానే వెనక్కి వచ్చేసింది. అంటే, మళ్ళీ వాళ్ళే మోసుకొచ్చి దించారు.

"పెదనాన్నా, ఇంక బతికుండగా నన్నెవరూ ఎత్తడానికి వీల్లేదు" అంది ఆ సాయంత్రం.

"మరి చేపలు?" అన్నాడు ఆటా సోవా.

"నా చక్రాల మీద నేనే వెళ్ళి, నేనే బేరమాడి, నేనే తెచ్చుకుంటాను."

"మరి కాలవ?"

ఆ ప్రశ్నకు జవాబుగా ఆమె మర్నాడు నగరసభ ఇంజనీరు అన్సా ఆఫీసు ముందు తేలింది. ముందు అంటే ముందే, ఎందుకంటే ఆయన గది మేడ మీద. అన్సా మెట్లు దిగి వచ్చాడు. చెడ్డవాడు కాదు, కాకపోతే పైవాళ్ళూ కాంట్రాక్టర్లూ కలిసి నమిలేసిన మనిషి. ఆ ఆఫీసుకి అప్పటికే ఒక ర్యాంపు ఉంది. జారుడుబల్లకి ఉండేంత వాలు, పైకొసన సరిగ్గా మధ్యలో జెండా స్తంభం. ప్రారంభోత్సవం నాడు ఇద్దరు పోలీసులు ఒక చక్రాల కుర్చీని దాని మీదికి తోస్తే ఫోటోలు బాగా వచ్చాయి. ఒడార్లే సొంతంగా ఎక్కబోయినప్పుడు ఎక్కడం కుదర్లేదుగానీ దిగడం మాత్రం మహా వేగంగా కుదిరింది. వీధిలో కొబ్బరిబోండాలవాడు ఇప్పటికీ ఆమెను చూస్తే బండి జరుపుకుంటాడు.

"సార్, ఆ ర్యాంపు మీరెప్పుడైనా ఎక్కారా?"

"నేను మెట్లెక్కుతాను కదమ్మా."

"నేనూ అదే అంటున్నాను సార్."

అన్సా మొహం తుడుచుకున్నాడు. పండగలోగా మార్కెట్టు గేట్లన్నిటికీ ర్యాంపులు పెట్టాలని ఆయనకు పైనుంచి ఆర్డరు వచ్చి ఉంది. కాంట్రాక్టరు సిమెంటు కలపడానికి సిద్ధంగా ఉన్నాడు, అదే కొలతలతో.

"సరే, చేపల గేటు మీకిస్తాను. ఒక నెల. జనం వాడితే మిగతా గేట్లకీ మీ కొలతలే. వాడలేదనుకోండి, కాంట్రాక్టరు సిమెంటు పోసేస్తాడు, ఇంక మీరు నా దగ్గరికి రాకూడదు." వెళ్ళబోతూ ఆగి, "జనం అంటే మీరొక్కరే కాదమ్మా" అన్నాడు. "ఒక్క మనిషి కోసం గేటు కట్టానంటే పైవాళ్ళు నన్ను కట్టేస్తారు."

ఒడార్లే టెట్టేని పిలిపించింది. టెట్టేకి చూపు లేదు. చర్చీలకీ చావులకీ లౌడ్ స్పీకర్లు బాగుచేస్తాడు. టెషీలో దేవుడి మాటైనా దుఃఖమైనా అతని చేతి మీదుగానే వినిపించాలి. ఆ కాలవలో పడినంతసార్లు ఊళ్ళో ఇంకెవరూ పడి ఉండరు. అందుకని దాని గురించి మాట్లాడే హక్కు తనకే ఉందని అతని వాదన.

"అద్దంలా నున్నగా ఉండాలి. చక్రం ఆగకూడదు" అంది ఒడార్లే.

"నున్నగా ఉంటే రోడ్డెక్కడ అయిందో గేటెక్కడ మొదలైందో నాకెలా తెలుస్తుంది? తిన్నగా పోయి ట్రోట్రో కింద పడతాను. నాకు గరుగ్గా ఉండాలి."

"గరుగ్గా ఉంటే నా పళ్ళు రాలతాయి."

"రాలితే నయమే, ఆ నోరు కాస్త తగ్గుతుంది."

"నువ్వు పోతే ఊరికే పెట్టె చేసిపెడతానులే, టెట్టే."

"ఏ ఆకారం?"

"నాలుక."

ఒకరి అవసరం ఇంకొకరికి గొయ్యి కావచ్చునని ఇద్దరికీ తెలుసు. అయినా అవతలివాడిదే మొండితనమని చాలాసేపు ఇద్దరూ నమ్మారు. చివరికి ఆటా సోవా ఉలి కింద పడేసి, "అంచులు అతనివి, మధ్య నీది. ఇంక నన్ను పని చేసుకోనివ్వండి" అన్నాడు. అంచుల్లో కర్రకీ పాదానికీ తగిలేలా గరుకు చెక్కడం, మధ్యలో చిత్రిక పట్టిన నునుపు. వాలు ఎంత ఉండాలో ఒడార్లే బల్లలు వేసుకుని, ఎక్కి దిగి, చేతులు నొప్పిపుట్టే దాకా చూసుకుని ఖాయం చేసింది. కళ్ళతో పని లేదు కాబట్టి టెట్టే చీకట్లో కూడా నడిచి చూశాడు.

అక్కడితో ఆపితే బాగుండేది. కానీ రంగు వెయ్యని పని ఆమె చేతిలోంచి బయటికి పోదు. అంచుల్లోని గరుకు ఎలాగూ పొలుసుల్లా ఉంది. పొలుసులుంటే చేప. చేపల గేటుకి చేప కాక ఇంకేం పెడతారు? తోక రోడ్డు మీద ఆనేలా, తల గేటులోకి తెరుచుకునేలా, ఎర్రగా, మెరుస్తూ ఉండే చేప. చేప రోడ్డు మీదికి రాగానే అన్సా, "రంగు అవసరమా?" అన్నాడు. ఒడార్లే కుంచెను ఇంకోసారి రంగులో ముంచింది. ఆటా సోవా అయితే వెనక్కి నాలుగడుగులు వేసి చూసి, "కళ్ళు ఇంకాస్త తేలెయ్యి, అప్పుడు ప్రాణం వస్తుంది" అన్నాడు.

చేపను కాలవ మీద దించారు. ఒడార్లే తోక మీంచి ఎక్కి, నోట్లోంచి లోపలికి జారి, ఎవరి చెయ్యీ తగలకుండా మార్కెట్టులో ఆగింది. టెట్టే వెనకే పొలుసులు తడుముకుంటూ వచ్చాడు. ఆమె చుట్టూ చూసింది. చప్పట్లు ఉంటాయనుకుంది. ఒక్కరూ కొట్టలేదు. ఒకావిడ గుడ్డతో నోరు మూసుకుంది.

ఆ రోజు ఎవరూ చేప ఎక్కలేదు. మర్నాడూ అంతే. నెత్తిన మూటలతో ఆడవాళ్ళు చేప దగ్గరి దాకా వచ్చి, పక్కకి తిరిగి, ఎప్పట్లా కాలవ దూకుతున్నారు. ఒకమ్మాయి గుడ్లబుట్టతో దూకి సగం గుడ్లు కాలవకిచ్చింది. అయినా చేప ఎక్కలేదు.

"పక్కనే అంత బాట ఉంటే దూకుతావేమే?" అని ఒడార్లే అడిగింది.

ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి, "అమ్మో, వేరేవాళ్ళ పెట్టె మీద ఎలా నడుస్తానక్కా?" అంది.

అప్పుడు అర్థమైంది ఆమెకు. బతుకంతా శవపేటికల మధ్య గడిపిన పెదనాన్నకీ తనకీ అది చేప. టెషీలో మిగతా అందరికీ అది ఆటా సోవా దుకాణంలోంచి వచ్చిన చేప. ఆ దుకాణంలోంచి వచ్చిన చేప ఎవరో ఒకరిది అయి తీరాలి. చేప ఎంత పెద్దదైతే మనిషి అంత గొప్పది. చేపల గేటు దగ్గర అంత పెద్ద చేపకు తగిన మనిషి ఒక్కతే: ఆవో డెడే.

ఆవో అంటే వాళ్ళ మాటలో అమ్మ; ఆవో డెడే చేపలమ్మేవాళ్ళకు పెద్దమ్మ. ఆవిడ మాట దాటి ఆ గేట్లో ఒక్క రొయ్య కూడా అమ్ముడుపోదు. మనిషి భారీ, గొంతు ఇంకా భారీ, మోకాళ్ళు మాత్రం పాతబడ్డాయి. రోజూ పొద్దున్న మూటలు మోసే ఆడపిల్లలు చెరో చెయ్యి పట్టి లాగితే కాలవ దాటుతుంది. సాయంత్రం అలాగే వెనక్కి. దాన్ని ఎవరైనా ఎత్తడం అంటే ఊరుకోదు, "పిల్లలు నాతో నడుస్తున్నారు" అంటుంది. అంతకు ముందు వారం ఆవిడ జ్వరంతో రెండు రోజులు రాలేదు. ఇంకేం కావాలి జనానికి?

పుకారు చేపల గేటు దగ్గర పుట్టి, ఆవిడ బంధువులుండే పక్క ఊరు నుంగువా దాకా పాకింది. అసలు సంగతి బయటపడింది మాత్రం టెట్టే ఫోన్లో. అతను ఆవో డెడే బల్ల ముందు నిలబడి ఎండుచేపలకు బేరం చేస్తుండగా అది మోగింది.

"ఆ, చెప్పండి... శనివారమా? నాలుగు పెద్ద స్పీకర్లు, ఒక మైకు... ఎవరికండీ?" టెట్టే మొహం బల్ల వైపు తిప్పాడు. "ఆవో డెడేకా? ఎప్పుడు పోయారు?"

బల్ల వెనక కత్తి ఆగిపోయింది.

"ఇటివ్వరా ఆ ఫోను" అంది ఆవో డెడే. చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నది. తర్వాత, "ఒరేయ్ అల్లుడూ, నాలుగు స్పీకర్లేనా? నేనంత చవగ్గా పోతాన్రా?" అని అరిచింది. అవతల గొంతు మాయమైంది.

ఆ సాయంత్రం ఒడార్లే, ఆటా సోవా తలలు పట్టుకుని కూర్చున్నారు. అన్సా పెట్టిన నెల మర్నాటితో అయిపోతుంది.

"రంగు మార్చేద్దాం" అంది ఒడార్లే. "మనం ఎప్పుడూ పెట్టె చెయ్యని ఆకారం ఏదైనా చెప్పు పెదనాన్నా."

"కొబ్బరికాయ చేశాం. సీసా చేశాం. చెప్పు చేశాం, బైబిలు చేశాం..."

"కుట్టుమిషను?"

"దర్జీ అకాయ్‌కి."

"విమానం?"

"విమానం ఎక్కనివాళ్ళకే ఎక్కువ చేశాం."

"పోనీ, ఏమీ లేకుండా తెల్ల బల్ల?"

"అది డబ్బులేనివాళ్ళ పెట్టె" అని నిట్టూర్చాడు ఆటా సోవా. "ఈ ఊళ్ళో ఎవరూ పోని ఆకారం లేదే తల్లీ."

మర్నాడు అన్సా వచ్చి చేప పక్కన నిలబడ్డాడు. ఆయన చూస్తుండగానే ఒక తోపుడుబండివాడు చేప దాకా వచ్చి, గౌరవంగా టోపీ తీసి, బండిని పక్కన బండ్లవాళ్ళు వేసుకున్న ఊగే పలకల మీదికి మళ్ళించాడు. బండి ఒరిగి కర్రపెండలం దుంపలు కాలవలోకి దొర్లాయి.

"చూశారా?" అన్నాడు అన్సా, నొచ్చుకుంటూనే. "వాలు బాగుంది, నేనే ఎక్కి చూశాను. కానీ నేను పైవాళ్ళకు చెప్పాల్సింది జనం సంగతి. కాంట్రాక్టరుకి సోమవారం రమ్మంటాను."

ఒడార్లే చక్రం మీంచి చేతులు తీసేసింది. సోమవారం నుంచి మళ్ళీ ఎవడి భుజం మీదో, ఎవడి ప్రార్థన కిందో మార్కెట్టుకి రావాలి. లేదా ఇంట్లో కూర్చోవాలి.

అప్పుడే రోడ్డు మీద ఒక వ్యాను ఆగింది. చావుకి కట్టే ఎరుపూ నలుపూ బట్టల్లో నుంగువా బంధువులు బిలబిలమని దిగారు. కూల్‌డ్రింకు పెట్టెలు దించారు. ఆవో డెడే అల్లుడు చేపని చూసి ఆగి, "అబ్బ, అత్త హోదాకి తగ్గట్టు చేశారు" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఫోన్లో ఎవరో ఆకతాయి అత్త గొంతుతో మాట్లాడి ఆట పట్టించారనే వాడి నమ్మకం. వెనక ఆడవాళ్ళు ఏడుపు రాగం అందుకున్నారు.

ఆ రాగం మార్కెట్టులోకి వినిపించింది. బల్ల వెనక నుంచి ఆవో డెడే లేచింది. ఒక చేత్తో చెప్పు తీసింది.

"ఏరీ నా పిల్లలు? నన్ను దాటించండే!" అంది. పిల్లలు అప్పటికే ఏడుపు చూడ్డానికి పరుగెత్తి వెళ్ళిపోయారు. ఆవిడ గేటు దాకా వచ్చింది. ఎదురుగా కాలవ. కాలవ అవతల అల్లుడు. మధ్యలో నోరు తెరుచుకున్న ఎర్రచేప.

మార్కెట్టంతా లేచి గేటు దగ్గర మూగింది. ఆవో డెడే ఒక్క క్షణం చేప కళ్ళలోకి చూసింది. తర్వాత చెప్పు పైకెత్తి, ఆ నోట్లోకి అడుగుపెట్టి, చేప వీపు మీదుగా దడదడా నడుచుకుంటూ వచ్చేసింది.

"నన్ను పాతిపెట్టడానికొచ్చావట్రా? కూల్‌డ్రింకులతోనా? బీరు కూడా లేకుండానా?"

బంధువులు అరుస్తూ వ్యాను వెనక్కి పరుగెత్తారు. ఒకావిడ దయ్యమంది, ఒకావిడ మొక్కింది. అల్లుడు మాత్రం చెప్పు తగిలేసరికి అది దయ్యం దెబ్బ కాదని తెలుసుకుని, "అత్తా, నువ్వు బతికున్నావు!" అని సంతోషంగా ఏడ్చాడు.

కొట్టడం పూర్తయ్యాక ఆవో డెడే ఆగింది. తన మోకాళ్ళ వైపు చూసుకుంది. వెనక్కి తిరిగి చేప వైపు చూసింది. తోక మీద కాలు పెట్టి, ఈసారి మెల్లగా, లోపలికి నడిచింది. మళ్ళీ బయటికి వచ్చింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

"ఏమే పిల్లా" అంది ఒడార్లేతో, గొంతు తగ్గించి. "ఇందులో ఏం పెట్టావే?"

"వాలు ఆవో, ఇంకేం పెట్టలేదు. మీ మోకాళ్ళ కోసం కూడా."

"నా మోకాళ్ళకేమైంది?" అని గయ్యిమంది ఆవో డెడే. తర్వాత మార్కెట్టు వైపు తిరిగి, ఆ చివర మిరపకాయల వాళ్ళకు కూడా వినపడేలా చెప్పింది: "ఇది నా పెట్టె అని కదూ మీరంతా కాలవ దూకుతున్నారు? సరే. ఈ క్షణం నుంచి కాలవ దూకినవాడు నా చావు కోరినవాడు. వాడికి ఈ గేట్లో చేప దొరకదు."

టోపీ తీసిన తోపుడుబండివాడే అందరికంటే ముందు బండి తోశాడు. వెనక నెత్తిమూటలు, వాటి వెనక నీళ్ళ డబ్బాలు, పసిపిల్లల్ని వీపున కట్టుకున్న తల్లులు. టెట్టే పొలుసుల అంచున నిలబడి, తన వైపుకి వచ్చినవాళ్ళ కాళ్ళ మీద కర్రతో ఒకటి తగిలించి, "ఇది నాది, మధ్యలో నడవండి" అని సర్దుతున్నాడు. అన్సా ఫోన్ తీసి కాంట్రాక్టరుకి సోమవారం రావద్దన్నాడు.

మిగతా గేట్ల పని ఆయన అనుకున్నంత తేలిగ్గా తెమల్లేదు. మిరపకాయల గేటువాళ్ళు తమకు మిరపకాయ కావాలన్నారు. ఉల్లిపాయలవాళ్ళు, చేపలవాళ్ళకేనా హోదా అని పనులు మానేసి కూర్చున్నారు. "సిమెంటుతో మిరపకాయ ఎలా పోస్తారమ్మా?" అని అన్సా ఒడార్లే ముందు తల పట్టుకున్నాడు. "వాలూ అంచులూ మీరు చూసుకోండి సార్, తొడిమ నేను చూసుకుంటాను" అంది ఆమె.

ఈ హడావిడిలో ఆమెకు స్వయంగా చేపలు కొనే తీరిక ఆ తర్వాతి శుక్రవారానికి గానీ దొరకలేదు. గేటు దగ్గరికి వచ్చేసరికి ముందు దుంపల బండి, వెనక ఉల్లిపాయల బండి, మధ్యలో ఆమె. చేప మీద రద్దీ.

"ఏయ్ మూడు చక్రాలూ, కదులు!" అన్నాడు వెనకవాడు. "ఇది నీ ఒక్కదాని కోసం కట్టారనుకున్నావా?"

"నా ముందున్న బండి కనపడట్లేదా? కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా?" అంది ఒడార్లే.

"కళ్ళ సంగతి ఇక్కడెత్తకండి" అని ముందు నుంచి టెట్టే కేకేశాడు.

వరస మెల్లగా కదిలింది. ఎవరూ ఆమెను ఎత్తుతామనలేదు, ఆమె కోసం ప్రార్థించలేదు. వెనకవాడు మాత్రం దారిపొడుగునా సణుగుతూనే ఉన్నాడు. ఆమె ఆవో డెడే బల్ల చేరేసరికి పెద్ద చేపలన్నీ అయిపోయి, గంప అడుగున నెత్తళ్ళు మిగిలాయి.

"ఆవో, ఒక్క మంచి చేప నాకోసం దాచకూడదూ? ఆ బాట చేసింది నేనే కదా!"

"అయితే ఏంటట?" అంది ఆవో డెడే, నెత్తళ్ళను ఆకులో చుడుతూ. "చేప కావాల్సినవాళ్ళు పొద్దున్నే లేచి రావాలి."

ఒడార్లే ఆ పొట్లం లాక్కుని, దారిపొడుగునా తిట్టుకుంటూ తిరుగు వరసలో బండి పెట్టింది.